మొదటిసారి క్యాంపింగ్‌కి ఏం కొనాలి: డబ్బు ముందు వీపు కింద పెట్టండి

నవంబరు సగానికి వచ్చిందంటే మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. “అక్కా, లంబసింగి వెళ్తున్నాం, టెంట్ ఏది కొనమంటావు?” అని ఒకరు. “పిన్నీ, మీ టెంట్ ఈ ఆదివారం ఖాళీయేనా?” అని ఇంకొకరు. మాది విశాఖపట్నం. చలికాలం సెలవుల్లో నేను, మా ఆయన, మా అమ్మాయి అరకు వైపో పాడేరు వైపో వెళ్లి టెంట్ వేసుకుంటామని చుట్టాలందరికీ తెలుసు. అలా ఈ సలహాల ఉద్యోగం నా మెడకు చుట్టుకుంది.

అడిగే ప్రతివాళ్లూ టెంట్ దగ్గరే మొదలుపెడతారు. నేను ఎదురు అడిగేది ఒకటే: కింద ఏం పరుచుకుంటారు?

ఒకసారి వెళ్లొచ్చి “జన్మలో మళ్లీ వెళ్లను బాబూ” అనేవాళ్లను కాస్త కదిపి చూడండి. టెంట్ బాగాలేదని చెప్పరు. రాత్రంతా నిద్ర లేదంటారు, వణికిపోయామంటారు, నడుం పట్టేసిందంటారు. ఈ బాధలన్నీ ఎక్కువగా కింద నుంచి వచ్చేవే. అందుకే నా వరుస ఇది. ముందు వీపు కింద పరిచేది, తర్వాత ఒంటి మీద కప్పుకునేది, ఆ తర్వాత తలకు కట్టుకునే లైటు. టెంట్ నాలుగోది, మొదటిసారికి అది కూడా అద్దెకో అరువుకో సరిపోతుంది. మిగతావి దాదాపు అన్నీ మీ వంటింట్లో, బీరువాలో ఇప్పటికే ఉన్నాయి.

ముందు ఊరి పేరు రాసుకోండి

ఎక్కడికి వెళ్తున్నారో తేలకుండా సామాన్లు కొనడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిన రోజులున్నాయి. గండికోట సంగతి వేరు. పెన్నా లోయ అంచున రాత్రి గాలి బాగా వీస్తుంది కానీ, చలి ఒక మంచి రగ్గుతో ఆగిపోతుంది. అక్కడ అసలు ఇబ్బంది రాతినేల. హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా వెళ్లే వికారాబాద్ అనంతగిరి కొండల్లో చలి ఉంటుంది, లంబసింగి అంత కాదు. ఈ మూడింటికీ ఒకే జాబితా పనికిరాదు.

కాలం కూడా చూసుకోవాలి. మన దగ్గర నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. అక్టోబరు, నవంబరు కోస్తాకు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లెవరూ ఆ నెలల్లో వాతావరణ శాఖ సూచన చూడకుండా గుడ్డ ఇంట్లో పడుకోవడానికి సాహసించరు.

మొదటిసారికి కారు పక్కన దాకా వెళ్లగలిగే చోటు, బాత్రూమ్ ఉన్న చోటు, నలుగురు మనుషులు కనబడే చోటు ఎంచుకోండి. అరకు, గండికోట, అనంతగిరి మూడు చోట్లా పర్యాటక శాఖ హరిత హోటళ్లున్నాయి. టెంట్ కుదరకపోతే గదికి పోవచ్చనే ధైర్యం ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది. రిజర్వ్ ఫారెస్టులో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు. నల్లమల పులుల అడవి, అక్కడ రోడ్డు పక్కన ఎక్కడో ఆగి పడుకుందామనే ఆలోచనే పెట్టుకోకండి. ఏజెన్సీ ఊళ్లలో ఖాళీగా కనిపించే ప్రతి నేలచెక్కా ఎవరిదో ఒకరిది. అడిగితే చాలామంది కాదనరు. అడగకుండా వేస్తే పొద్దున్నే గొడవ, అందులో తప్పు మనదే.

ఇక్కడ రాసేదంతా కారులో వెళ్లేవాళ్లకు, అంటే బరువు పెద్ద సమస్య కానివాళ్లకు. వీపు మీద మోసుకుని కొండలెక్కే ట్రెక్కింగ్ వేరే లెక్క.

వీపు కింద

స్లీపింగ్ బ్యాగ్, అంటే లోపల దూరి పడుకునే సంచి, ఉంటే మ్యాట్ ఎందుకని అడుగుతారు. మన ఒంటి బరువుకు బ్యాగ్ కింది భాగం పూర్తిగా అణిగిపోతుంది. అందులోని పీచు మధ్య నిలిచి ఉండే గాలే మనల్ని వెచ్చగా ఉంచేది. ఆ గాలి పోయాక మనకూ నేలకూ మధ్య మిగిలేది రెండు పొరల పలచని గుడ్డ. నేల రాత్రంతా ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. పైన ఎన్ని రగ్గులు కప్పినా కింద నుంచి వచ్చే చలి ఆగదు. మొదటిసారి వెళ్లినవాళ్లు అర్ధరాత్రి ఒకరి రగ్గు ఒకరు లాక్కునేది అందుకే. ఆ రగ్గును పైన కప్పుకోవడం మాని కింద పరిస్తే ఇద్దరూ నిద్రపోతారు.

కొనదగ్గది గట్టి ఫోమ్ మ్యాట్. అకార్డియన్‌లా మడతలు పడేది గానీ, చుట్టచుట్టేది గానీ. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. ముల్లు గుచ్చుకున్నా చెడిపోదు, గాలి నింపే పని లేదు, తడిస్తే తుడిస్తే సరి. డెకథ్లాన్ లాంటి దుకాణంలో కొంటుంటే సిగ్గుపడకుండా అక్కడే నేల మీద పరిచి పక్కకు తిరిగి పడుకోండి. తుంటి ఎముకకు నేల తగిలితే ఆ మ్యాట్ మీకు చాలదు. వెల్లకిలా పడుకుని చూస్తే ఈ సంగతి తెలియదు.

కొన్ని మ్యాట్ల మీద ‘ఆర్ వాల్యూ’ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత పెరిగితే నేల చలిని అంత బాగా ఆపుతుంది. గండికోటకు 1 ఉన్నా గడిచిపోతుంది, అనంతగిరికి 2 ఉంటే మంచిది, జనవరి లంబసింగికి 3 దాకా ఉంటే హాయి. ఒకదాని మీద ఇంకొకటి పరిస్తే ఈ అంకెలు కలుస్తాయి. కాబట్టి ఖరీదైనది ఒకటి కొనే బదులు మామూలువి రెండు వేసుకున్నా పని జరుగుతుంది. పైగా వేసవిలో ఇద్దరికీ చెరొకటి వస్తుంది.

ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టే దారి కూడా ఉంది. పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే దాన్ని మించింది లేదు, కారులో చోటుంటే తప్పకుండా వేసుకోండి. యోగా మ్యాట్ ఒకటే అయితే మరీ పలచన, దాని మీద బొంత వేస్తే కుదురుతుంది. చాప మాత్రం చలిని ఆపదు. మట్టి అంటకుండా ఉండటానికే పనికొస్తుంది.

గాలి నింపే పెద్ద పరుపులు చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. లోపల పీచు లేని ఉత్త గాలిపరుపులో గాలి తిరుగుతూ ఉంటుంది, కింది చల్లదనం పైకి వస్తూనే ఉంటుంది. మా అమ్మాయి స్నేహితురాళ్లు అలాంటిది వేసుకుని గండికోట వెళ్లారు. పల్లేరు కాయ గుచ్చుకుని తెల్లవారేసరికి నలుగురూ బండ మీద ఉన్నారు.

మ్యాట్ కింద, టెంట్ కింద వేయడానికి ఒక పట్టా కావాలి. దీనికి డబ్బు ఖర్చుపెట్టకండి. ఎలక్షన్లు, పెళ్లిళ్లు, పుట్టినరోజుల పుణ్యమా అని మన ఊళ్లలో పాత ఫ్లెక్సీలకు కరువు లేదు. బొమ్మ ఉన్న వైపు నేలకు పెట్టండి, ఏ నాయకుడి ముఖం మీద పడుకున్నామనే చర్చ ఉండదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఫ్లెక్సీ అంచులు టెంట్ అడుగు దాటి బయటికి రాకూడదు. వస్తే వాన నీళ్లు, మంచు నీళ్లు దాని మీద పడి జారి సరిగ్గా మీ కిందికి చేరతాయి. టెంట్ కన్నా అన్ని వైపులా బెత్తెడు తక్కువగా కత్తిరించండి, లేదా అంచులు లోపలికి మడిచేయండి.

ఒంటి మీద

కారులో వెళ్లేవాళ్లు మొదటిసారికి స్లీపింగ్ బ్యాగ్ కొని తీరాలనేమీ లేదు. గండికోటకు, అనంతగిరికి ఇంట్లో రజాయి, ఒక రగ్గు చాలు. అరకు, లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి అయితే బ్యాగ్ ఉంటే మంచిది. రజాయి పక్కల నుంచి చలి దూరుతుంది, బ్యాగ్‌లో దూరదు.

కొనేటప్పుడు కవరు మీద పెద్దక్షరాల్లో ఉన్న ఉష్ణోగ్రతను నమ్మకండి. పద్ధతిగా పరీక్ష చేసిన బ్యాగుల మీద మూడు అంకెలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలవడానికి సంబంధించిన అంకె, నిద్రకు కాదు. కొన్ని దుకాణాల్లో దాన్నే గొప్పగా చూపిస్తారు. లిమిట్ అనేది ముడుచుకుని పడుకున్న మగమనిషి లెక్కతో కట్టింది. కంఫర్ట్ అనేది మామూలుగా పడుకున్న ఆడమనిషి లెక్కతో కట్టింది. కాబట్టి ఆడవాళ్లు, పిల్లలకు కొనేవాళ్లు కంఫర్ట్ ఒక్కటే చూడండి. మగవాళ్లు కూడా అదే చూడండి, పోయేదేమీ లేదు. లంబసింగికి కంఫర్ట్ 5 డిగ్రీలున్న బ్యాగ్, పైన ఒక రగ్గు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 15 డిగ్రీల బ్యాగులు చవక, పలచన, గండికోట, అనంతగిరి లాంటి చోట్లకు బాగుంటాయి.

ఆకారంలో రెండు రకాలు. పాదాల దగ్గర సన్నగా, తలకు టోపీలా ఉండేది ఒకటి. దుప్పటి మడతలా దీర్ఘచతురస్రంగా ఉండేది ఇంకొకటి. మొదటిది వెచ్చన, కానీ కాళ్లు చాపుకునే అలవాటున్నవాళ్లకు ఊపిరాడనట్టుంటుంది. మా ఆయన దాంట్లో అరగంట కూడా ఉండలేరు. జిప్పు పూర్తిగా తెరిస్తే దుప్పటిలా పరుచుకునే రెండో రకమే ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది.

బ్యాగ్ తనంతట తాను వేడి పుట్టించదు, ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు, అంతే. అందుకని పగలంతా తిరిగిన చెమట బట్టలతో, జీన్స్‌తో అందులో దూరకండి. పడుకోవడానికని ఒక జత పొడి బట్టలు విడిగా కవర్లో కట్టి ఉంచుకోండి. మేజోళ్లు, మంకీ క్యాప్ తప్పనిసరి. మంకీ క్యాప్ చూసి పిల్లలు నవ్వుతారు, తెల్లవారుజామున మూడింటికి వాళ్లే అడిగి పెట్టుకుంటారు. పడుకోబోయే ముందు వేరుశెనగ చిక్కీ ఒకటి తినండి, ఒంట్లో మంట పుట్టించే సరుకు కావాలి కదా. మూత గట్టిగా బిగిసే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, సాక్స్ తొడిగి, పాదాల దగ్గర పెట్టుకుంటే చాలాసేపు సుఖం. అది ఒకపొర సీసా అయి ఉండాలి, ఫ్లాస్కు అయితే వేడి బయటికే రాదు.

చలి అనగానే బొగ్గుల కుంపటి గుర్తొస్తుంది. టెంట్ లోపలికి కుంపటి, నిప్పులు, గ్యాస్ స్టవ్, ఏదీ తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎంత చలైనా సరే, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

టెంట్

అద్దెకు తీసుకోమన్నాను కదా. తీసుకునేచోటే ఒకసారి పూర్తిగా వేయించి చూడండి. జిప్పులు రెండు వైపులా నడుస్తున్నాయా, కడ్డీల్లో పగులు ఉందా, మేకులు సరిపడా ఉన్నాయా, దోమతెరలో చిరుగు ఉందా, లోపల బూజు వాసన వస్తోందా. జిప్పు చెడిపోయిన టెంట్ మిగతాదంతా కొత్తగా ఉన్నా వద్దు. ఆ కారణం కింద పాముల దగ్గర చెబుతాను. క్యాంప్‌సైట్ వాళ్లే టెంట్ వేసి ఇస్తామంటే ఫోన్‌లో అడగాల్సింది “టెంట్ ఎంత?” అని కాదు, “కింద ఏం పరుస్తారు?” అని. “బెడ్ ఉంటుంది మేడమ్” అంటే ఫోటో పంపమనండి. వెళ్లి చూస్తే ఒక్కోసారి చాప ఉంటుంది. మీ మ్యాట్ మీరు పట్టుకెళ్లండి.

కొనేవాళ్లకు నాలుగు మాటలు. ‘ఇద్దరి టెంట్’ అంటే ఇద్దరు మనుషులు భుజాలు రాసుకుంటూ పడుకునేది, సంచులు బయట. అంకెలో ఒకటి తగ్గించి చదువుకోండి. మేం ముగ్గురం నలుగురి టెంట్‌లో ఉంటాం, అది మాకు సరిగ్గా సరిపోతుంది. అడుగు కొలతలు చూసి ఇంట్లో గచ్చు మీద సుద్దముక్కతో గీసి, అందరూ అందులో పడుకుని చూడండి.

తప్పకుండా రెండు పొరలది తీసుకోండి, లోపల దోమతెర గుడ్డ, పైన విడిగా వానపొర. మనం వదిలే ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. ఒకే పొర ఉంటే ఆ చుక్కలు తెల్లవారేసరికి నేరుగా ముఖం మీద పడతాయి, టెంట్ కారుతోందని అనుకుంటారు. రెండు పొరలుంటే బయటి పొర లోపలి వైపు జారిపోతాయి. చలికి భయపడి గాలి కిటికీలన్నీ మూసేస్తే ఆ తడి ఇంకా పెరుగుతుంది. పైన కొంచెం తెరిచి ఉంచాల్సిందే.

వానపొర మీద 1500, 2000, 3000 మి.మీ. అని రాసి ఉంటుంది. గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి ఆగుతుందో చెప్పే అంకె అది. చలికాలపు మంచుకు, చిన్న జల్లుకు 1500 చాలు. వానాకాలంలో వెళ్లే ఉద్దేశం ఉంటే ఎక్కువది చూడండి, కుట్ల మీద టేపు అంటించి ఉందో లేదో కూడా చూడండి. నీళ్లు ముందు దూరేది కుట్లలోంచే.

మేకులు కొట్టకపోయినా తన కాళ్ల మీద తాను నిలబడే గుండ్రటి టెంట్ మేలు. గండికోట బండ మీద మేకు దిగదు. అక్కడ తాళ్లను పెద్ద రాళ్లకు చుట్టి కట్టాలి. అందుకని నాలుగైదు మీటర్ల నైలాన్ తాడు అదనంగా ఉంచుకోండి. విసిరితే దానంతట తెరుచుకునే టెంట్లు చూడముచ్చటగా ఉంటాయి. తిరిగి మడిచేటప్పుడు మాత్రం మొగుడూ పెళ్లాల మధ్య తగవు గ్యారంటీ.

వేసే చోటు గురించి ఒక్క మాట. చల్లగాలి బరువైనది, రాత్రి పల్లంలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. లోయ అడుగున పచ్చిక అందంగా ఉన్నా, దానికి కొంచెం పైన చదునుగా ఉన్న చోటు వెచ్చగా ఉంటుంది. వాగు ఒడ్డు, ఎండిన వాగు ఇసుక అసలే వద్దు. కొబ్బరిచెట్టు కిందా వద్దు, ఎందుకో చెప్పనక్కర్లేదు.

లైటు, దానితో పాటు పాములు

సెల్‌ఫోన్ టార్చ్ ఉందిగా అంటారు. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని చీకట్లో వెళ్లి చూడండి, అప్పుడు తలకు కట్టుకునే లైటు విలువ తెలుస్తుంది. మనిషికొకటి కొనండి, పిల్లలకు కూడా. వంద, రెండొందల ల్యూమెన్ల వెలుతురు చాలు. అంతకన్నా ఎక్కువైతే ఎదుటివాళ్ల కళ్లు పోవడం తప్ప లాభం లేదు. ఎర్ర లైటు కూడా ఉన్నది దొరికితే తీసుకోండి, టెంట్‌లో పక్కవాళ్లు లేవరు. బ్యాటరీలు వేసేది అయితే అదనంగా ఒక జత. చార్జింగ్‌ది అయితే పవర్ బ్యాంక్.

ఇప్పుడు జిప్పు సంగతి. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది. మన పల్లెల్లో అది కాటేసేది ఎక్కువగా నేల మీద నిద్రపోయేవాళ్లనే. కాటు పెద్దగా నొప్పి కూడా పెట్టదు, చాలామంది చీమ కుట్టిందని అనుకుంటారు. అడుగు కుట్టేసి, జిప్పు పూర్తిగా మూసి ఉన్న టెంట్ దానికి మంచి అడ్డు. కాబట్టి లోపలికి వచ్చినా, బయటికి వెళ్లినా వెంటనే మూయాలి, ‘రెండు నిమిషాలే కదా’ అనుకోకూడదు. బూట్లు, చెప్పులు కవర్లో పెట్టి లోపల ఉంచండి. బయట ఉంచితే దులిపి తొడగండి. రాత్రి నడిచేటప్పుడు లైటు నేల మీద ఉండాలి. ఒకవేళ కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ చేయవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వీలైనంత తొందరగా చేర్చాలి. సిగ్నల్ లేని చోటైతే దగ్గరి ఆసుపత్రి ఎక్కడుందో పగలే అడిగి తెలుసుకోండి.

తిండి, నీళ్లు

మొదటిసారికి స్టవ్ కొనకండి. రాత్రికి ఇంటి నుంచి పులిహోర, చపాతీలు, వేరుశెనగ పొడి పట్టుకెళ్లండి. లంబసింగి, అరకు లాంటి చోట్ల పొద్దున్నే టీ, ఆమ్లెట్ దొరుకుతాయి. అరకులో సాయంత్రం బొంగు చికెన్ ఎలాగూ తింటారు. టెంట్ వేయడం, చలి, చీకటి, ఇన్ని కొత్త పనుల మధ్య వంట కూడా పెట్టుకుంటే ఎవరో ఒకరు, అంటే ఇంట్లో ఆడమనిషి, మొత్తం సెలవంతా గిన్నెల దగ్గరే గడుపుతుంది.

వండాలని మరీ ముచ్చటగా ఉంటే ఇంటి దగ్గరే సగం పని ముగించండి. నెయ్యిలో పోపు, జీడిపప్పు, కరివేపాకు బాగా కరకరలాడేదాకా వేయించి, ఒక గ్లాసు రవ్వ కలిపి వేపి, ఉప్పు వేసి, చల్లారాక డబ్బాలో పోయండి. అక్కడ మూడు గ్లాసుల నీళ్లు మరిగించి ఇది పోసి కలిపితే ఉప్మా. తరిగే పని లేదు, కడగాల్సిన గిన్నె ఒకటే.

చిన్న గ్యాస్ డబ్బాతో నడిచే స్టవ్ అయితే చలిలో ఒక చిక్కు ఉంది. చవక డబ్బాల్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్. అది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. లంబసింగిలో తెల్లవారుజామున డబ్బా నిండుగా ఉన్నా మంట నీరసంగా వస్తుంది. వాడబోయే ముందు డబ్బాను కాసేపు స్వెట్టర్ లోపల ఒంటికి ఆనించి ఉంచితే సరిపోతుంది, మంట దగ్గర పెట్టి వేడిచేయకండి. కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వెళ్లేవాళ్లు గ్యాస్ తీసుకెళ్లకూడదు, రైల్లో అది నిషేధం.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకోండి, తాగడానికీ వంటకూ కలిపి. చేతులు, ముఖం కడుక్కోవడానికి విడిగా ఇంకో టిన్ను. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించనిదే తాగవద్దు.

ఎవరూ రాయని సామాన్లు

క్యాంపింగ్ జాబితాలు ఎక్కువగా మగవాళ్లు రాస్తారు కాబట్టి చెంబు ఉండదు. ఒక ప్లాస్టిక్ చెంబు, మొక్కలకు వాడే చిన్న పార, టిష్యూలు, సబ్బు ముక్క, వీటన్నిటికీ కలిపి ఒక సంచి. బాత్రూమ్ లేని చోట వాగుకు, బావికి కనీసం అరవై మీటర్ల దూరం నడిచి, జానెడు లోతు తవ్వి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. ప్యాడ్లు, డైపర్లు పూడ్చకూడదు, కాల్చకూడదు. పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, జిప్ ఉన్న కవర్లో పెట్టి ఇంటికి తెచ్చేయండి. తేదీ దగ్గరలో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకోండి, ప్రయాణంలో తేదీలు మాట వినవు. బట్టలు మార్చుకోవడానికి మెడ దగ్గర వదులుగా ఉన్న పాత నైటీని మించిన గది లేదు. పెద్ద గొడుగు వానకూ, మరుగుకూ రెండిటికీ పనికొస్తుంది.

మందుల సంచిలో ఓఆర్‌ఎస్, పారాసిటమాల్, బ్యాండేజీ, ముల్లు తీసే పట్టకారు, మీరు రోజూ వేసుకునే మాత్రలు రెండు రోజులకు అదనంగా. ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పొడుగు చేతులు, దోమల క్రీము వాడండి. గడ్డిలో, పొదల దగ్గర నేరుగా కూర్చోకండి, పట్టా వేసుకోండి. అక్కడ ఉండే చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. తిరిగొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కనిపిస్తే, కొండకు వెళ్లొచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో పరీక్ష సరైన దారిలో పడుతుంది.

ట్రెక్కింగ్ బూట్లు ఇప్పుడే అక్కర్లేదు. వంజంగి మబ్బులు చూడాలంటే చీకట్లో కొండ ఎక్కాలి, మంచుకు దారి జారుతుంది. అడుగు అరిగిపోని స్పోర్ట్స్ షూ అయితే చాలు. మడత కుర్చీలు, సోలార్ లాంతరు, చెట్టుకు కట్టే ఊయల, పది పనులు చేసే కత్తి, ఇవన్నీ ఆరంభశూరత్వం. రెండో ట్రిప్పులో నిజంగా లోటనిపించినవి అప్పుడు కొనుక్కోవచ్చు. బ్లూటూత్ స్పీకర్ మాత్రం రెండో ట్రిప్పులోనూ వద్దు.

డాబా మీద ఒక రాత్రి

బయలుదేరే వారం ముందు మేడ మీద టెంట్ వేసి, అక్కడే పడుకోండి. మేకులు దిగవు కాబట్టి మూలల్లో నీళ్ల టిన్నులు పెట్టండి. పక్కింటివాళ్లు చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏ కడ్డీ ఎందులో దూరుతుందో, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. చీకట్లో, హెడ్‌ల్యాంప్ వెలుతురులో ఒకసారి విప్పి మళ్లీ వేయండి, ఎందుకంటే ఘాట్‌రోడ్డు మీద ఆలస్యమై మీరు చేరేది చీకట్లోనే. లోపల సామాన్లు కూడా సర్దండి, లైటు ఎప్పుడూ ఒకే చోట, తల దగ్గర. పిల్లలున్న ఇంట్లో ఈ రాత్రే సగం పండగ. పొద్దున లేచాక ఎవరి నడుం ఎక్కడ నొప్పి పెట్టిందో అడిగి, దాన్ని బట్టి కింద ఇంకో బొంత వేసుకోవాలో లేదో తేల్చుకోండి.

తిరిగొచ్చాక

టెంట్ పైకి ఎండినట్టు కనిపించినా మడతల్లో తడి ఉంటుంది. వచ్చిన రోజే దండెం మీద, నీడలో ఆరేయండి. రెండు రోజులు సంచిలోనే ఉంచితే బూజు పడుతుంది, ఆ వాసన ఇక పోదు. అరువు తెచ్చుకున్నదైతే మరీ ముఖ్యం. మేకులకు మట్టి తుడిచి, లెక్కపెట్టి ఇవ్వండి. అడుగున చిరిగితే చెప్పి ఇవ్వండి, మా ఇంటికి వచ్చేవాళ్లు చెప్పరు. స్లీపింగ్ బ్యాగ్‌ను దాని చిన్న సంచిలో కుక్కి అటక మీద పడేయకండి. ఏడాదంతా అణిగి ఉంటే లోపలి పీచు మళ్లీ పొంగదు, వెచ్చదనం పోతుంది. పాత దుప్పటి గలేబులో వదులుగా వేసి బీరువాలో వేలాడదీయండి.